అందరికీ అదిరిన బేస్ నా చెవికి ఎందుకు అందడం లేదు? ఇన్-ఇయర్ కొన్నాక వచ్చిన సందేహాలు

కొత్తచెవి
నమస్కారమండి అందరికీ. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

నాకు రెండు పిచ్చిలు. పొద్దున కచేరీ రికార్డింగులు వింటాను, గాత్రం, వయొలిన్, మృదంగం. రాత్రి పనయ్యాక మాత్రం ఎలక్ట్రానిక్ మ్యూజిక్, గుండెలో దడదడలాడితే తప్ప నిద్ర పట్టదు. రెండింటికీ ఒకటే ఇన్-ఇయర్ (చెవి రంధ్రంలోకి దూరే ఇయర్‌ఫోన్) చాలా, విడివిడిగా కొనాలా అని నెల రోజులు కొట్టుమిట్టాడి, రివ్యూలు చూసి ఒకటి తీసుకున్నాను. ఒక్క డైనమిక్ డ్రైవర్ (పొర ఊగి మోగే బుల్లి స్పీకర్) ఉన్నది. బేస్ అదిరిపోతుందని చెప్పనివాడు లేడు.

తీరా పెట్టుకుంటే బేస్ అన్న మాటే లేదు. రేకు డబ్బాలోంచి పాట వస్తున్నట్టుంది. పైగా గాయని "స", "ష" పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. నకిలీ సరుకు వచ్చిందా, నా చెవులే తేడానా? దీన్ని పక్కన పడేసి నాలుగైదు డ్రైవర్లున్నది కొనమంటారా?

మెటల్‌మూర్తి
చెవులే తేడా అట 😂 స్వాగతం బ్రో. డబ్బు తీసి బయట పెట్టే ముందు ఒక్క విషయం చెప్పండి. బాక్సులో ఎన్ని జతల టిప్స్ (చెవిలోకి దూరే మెత్తటి తొడుగులు) వచ్చాయి? వాటిలో ఏవి పెట్టుకున్నారు?

కొత్తచెవి
మూడు జతలు వచ్చాయి. ముందే తొడిగి ఉన్నవే వాడుతున్నాను, మీడియం అనుకుంటా. మిగతా రెండూ కవర్లోనే ఉన్నాయి.

మిక్సింగ్‌మామ
దొంగ దొరికాడు.

కొత్తచెవి గారూ, ఇప్పుడు ఒక పని చేయండి. బేస్ ఉన్న పాట ఏదైనా పెట్టి, రెండు ఇయర్‌ఫోన్లనూ వేలితో మెల్లగా లోపలికి అదిమి పట్టుకోండి. గట్టిగా వద్దు, డోర్‌బెల్ నొక్కినంత చాలు. ఒక్కసారిగా బేస్ పొంగుకొచ్చిందంటే మీ ఇయర్‌ఫోన్‌లో లోపం లేదు, చెవికీ టిప్‌కీ మధ్య గాలి పోతోంది.

ఎందుకంటే, ఇన్-ఇయర్‌లో ఉండే పొర అర అంగుళం కూడా ఉండదు. అంత చిన్న పొర 40 హెర్ట్జ్ శబ్దాన్ని గదిలోకి వినిపించమంటే చస్తే వినిపించలేదు. చెవి రంధ్రం మూసుకుపోయి, లోపల చిన్న గది లాంటిది ఏర్పడితేనే ఆ పొర గాలిని నొక్కగలదు. ఎక్కడైనా వెంట్రుకవాసి సందు మిగిలితే నెమ్మదిగా ఊగే ఆ ఒత్తిడి అక్కడినుంచి జారిపోతుంది. హై ఫ్రీక్వెన్సీలు మాత్రం ఆ సందును పెద్దగా పట్టించుకోవు. అంటే కింద అంతా ఖాళీ, పైన అంతా యథాతథం. పునాది లేని చోట "స" గుచ్చుకోక ఏం చేస్తుంది? మీరు రెండు ఫిర్యాదులు రాశారు గానీ, ఆ రెంటిలో ముప్పాతిక వంతు ఒకే సందులోంచి వచ్చి ఉంటాయి.

పెట్టుకోవడంలో కూడా ఒక కిటుకు ఉంది. చెవి రంధ్రం తిన్నగా ఉండదు, లోపల వంపు తిరుగుతుంది. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనకనుంచి తెచ్చి, చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగండి. వంపు తిన్నగా అవుతుంది. అప్పుడు టిప్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి పంపి, చెవి వదిలేయండి. ఆ తర్వాత మాట్లాడి చూడండి, మీ గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు బొంగురుగా వినపడాలి. రెండు వైపులా ఒకేలా వినపడకపోతే ఒక పక్క కారుతోందన్నమాట.

కొత్తచెవి
మామగారూ!! అదిమి పట్టుకున్నాను. ఇది వేరే ఇయర్‌ఫోన్. సగం పాట అలా పట్టుకునే విన్నాను, చేతులు నొప్పి పుట్టి వదిలేశాను. రాత్రికి పెద్ద టిప్స్ పెట్టి చూసి చెబుతా.

శ్రుతిపెట్టె
మూడు జతలూ ప్రయత్నించండి, ఒక్కో చెవికి ఒక్కో సైజు పట్టినా ఆశ్చర్యపోకండి. నాకు ఎడమకు చిన్నది, కుడికి మీడియం. రెండు చెవులూ ఒకేలా ఉండాలని ఎక్కడా రాసి లేదు కదా.

నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను కాబట్టి మీ పొద్దుటి సంగీతం గురించి నాలుగు మాటలు. కచేరీకి ఇయర్‌ఫోన్ మంచిదా కాదా అన్నది నేను గాత్రంతో చూడను. గాత్రం దాదాపు అన్నింటిలోనూ బాగానే ఉంటుంది, కంపెనీలు ముందు దాన్నే సరిచూసుకుంటాయి. నేను తంబూరతో చూస్తాను. మంచి రికార్డింగులో తంబూర వెనకాల గోడలా నిలబడి ఉంటుంది, తీగ మీటిన తర్వాత ఆ ఝంకారం రంగులు మారుతూ సాగుతుంది. మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) నొక్కేసిన ఇయర్‌ఫోన్‌లో అది ఫ్యాన్ రొదలాగా ఒకటే హోరు అయిపోతుంది. తర్వాత మృదంగం. కుడివైపు చాపు ఖంగుమని, ఎడమవైపు గుమ్కి మోత జారుతూ, రెండూ ఒకే మనిషి రెండు చేతుల్లోంచి వస్తున్నట్టు ఉండాలి. బేస్ ఉబ్బిపోయిన వాటిలో ఎడమ చేయి ఒక మనిషిది, కుడి చేయి ఇంకో మనిషిదిలా ఉంటుంది. అవి నేను వినలేను.

సబ్-బేస్ మాత్రం కచేరీలో ఏమంత ఉండదు. రికార్డింగులో 40 హెర్ట్జ్ కింద ఏమైనా వినపడిందంటే ఎవరో మైకు స్టాండును తన్నారని అర్థం 🙂

మెటల్‌మూర్తి
మా వైపు కథ పూర్తిగా వేరు. మెటల్ వినేవాడికి బేస్ ఎంత ఉందన్నది కాదు, ఎంత త్వరగా ఆగుతుందన్నదే ముఖ్యం. డబుల్ పెడల్ మీద డ్రమ్మర్ రెండు కాళ్లతో కొడుతుంటే దెబ్బ దెబ్బకీ మధ్య సందు వినపడాలి. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉబ్బి ఉన్న ఇయర్‌ఫోన్ పెడితే ఆ దెబ్బలన్నీ కలిసి ట్రాక్టర్ నడుస్తున్నట్టు ఉంటుంది. మళ్లీ డిస్టార్షన్ గిటార్లు పైన 2-4 కిలోహెర్ట్జ్‌లో గుంపుగా కూర్చుంటాయి. అక్కడ మరీ ఎక్కువైతే అరగంటకే తల పట్టేస్తుంది.

రాత్రి ఎలక్ట్రానిక్ అన్నారు కదా, దానికి నా మెటల్ సెట్ పనికిరాదు. అక్కడ 30-60 హెర్ట్జ్ లేకపోతే పాటలో సగం మాయం. ఒకరి బేస్ ఇంకొకరి బేస్ కాదు బ్రో, "బేస్ అదిరింది" అని రాసినవాడు ఏ పాట విన్నాడో కూడా రాయాలి.

కొలతలరావు
ఇక్కడ నేను దూరకపోతే బాగోదు.

మనిషి చెవి రంధ్రం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. ఒక వైపు తెరిచి, ఇంకో వైపు కర్ణభేరి. అలాంటి గొట్టం సహజంగానే 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచుతుంది, పుట్టినప్పటి నుంచీ మన మెదడు దానికి అలవాటు పడి ఉంది. ఇన్-ఇయర్ పెట్టగానే తెరిచిన వైపు మూసేస్తాం, సహజంగా వచ్చే ఆ పెరుగుదల పోతుంది. అందుకే మంచి ఇన్-ఇయర్ గ్రాఫులో 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొండ కనపడుతుంది. గ్రాఫ్ గీత తిన్నగా లేదేమిటని కంగారు పడకండి. తిన్నగా ఉంటేనే పాట దుప్పటి కప్పుకున్నట్టుంటుంది.

ఇంకోటి. మూసిన గొట్టం కొత్త చోట, చాలామందికి 7-9 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో, మోగడం మొదలుపెడుతుంది. ఎక్కడ మోగేదీ టిప్ ఎంత లోపలికి పోయిందన్న దాన్ని బట్టి మారుతుంది. లోపలికి పోయేకొద్దీ ఆ శిఖరం పైకి జరుగుతుంది. "స" శబ్దం బలమంతా 5-8 దగ్గరే కదా, శిఖరం సరిగ్గా దాని నెత్తిన కూర్చుంటే గుచ్చుతుంది. ఒకే ఇయర్‌ఫోన్ ఒకరికి వెన్నలా, ఇంకొకరికి సూదిలా ఉండడానికి సగం కారణం ఇదే. గ్రాఫులో 8 కిలోహెర్ట్జ్ పైన కనపడేది మీ చెవిలో కూడా అలాగే ఉంటుందని నమ్మొద్దు, ఈ మాట గ్రాఫులు గీసే నేనే చెబుతున్నా.

తీగలేనివాడు
మీరంతా వైర్ల లోకంలో ఉన్నారు. బ్లూటూత్ బడ్స్‌తో బతికేవాళ్ల మాటేమిటి? ఎల్‌డాక్ కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) లేనిది కొంటే పాపమా?

మిక్సింగ్‌మామ
పాపమేమీ కాదు. మామూలు కోడెక్ ఎస్‌బీసీ అయినా మంచి క్వాలిటీలో 328 కేబీపీఎస్ దాకా పోతుంది, ఎల్‌డాక్ 990 దాకా. కాగితం మీద మూడింతలు. కానీ జనం మధ్యలో సిగ్నల్ తెగుతుంటే ఎల్‌డాక్ కూడా 330కి దిగిపోతుంది. ఐఫోన్ అయితే ఎల్‌డాక్ ఊసే లేదు, ఏఏసీనే. కోడెక్ గురించి పడే టెన్షన్‌లో పదో వంతు టిప్స్ గురించి పడితే ఎక్కువ లాభం. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బడ్స్‌కైతే సీల్ (టిప్ చెవిని సందు లేకుండా మూయడం) ఇంకా ముఖ్యం. టిప్ వదులుగా ఉంటే బయటి హోరు ఆ సందులోంచే లోపలికి వస్తుంది.

కొత్తచెవి
రిపోర్ట్: పెద్ద టిప్స్ పెట్టాను. ఎడమ చెవికి పెద్దది, కుడికి మీడియం సరిపోయాయి (శ్రుతిపెట్టె గారికి దండం). బేస్ వచ్చింది. రాత్రి సంగీతం సమస్య దాదాపు తీరింది. "స" కూడా తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు. ఒక పాత గాత్రం రికార్డింగులో మాత్రం ఇంకా గుచ్చుతోంది. ఇప్పుడైనా మల్టీ డ్రైవర్ కొనొచ్చా? 😅

మిక్సింగ్‌మామ
మీకు డ్రైవర్ల సంఖ్య మీద మోజు తగ్గడం లేదు, కాబట్టి ఆ కథ చెబుతాను.

మల్టీ డ్రైవర్ వాటిలో ఎక్కువగా ఉండే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే డ్రైవర్ సంగీతం కోసం పుట్టింది కాదు, వినికిడి యంత్రాల కోసం వాడేది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, తక్కువ కరెంటుతో గట్టిగా మోగుతుంది. ఒక్కటే అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా మోయడం కష్టం, అందుకే కిందికొకటి, మధ్యకొకటి, పైకొకటి పెట్టి క్రాస్ఓవర్ అనే సర్క్యూట్‌తో పంచుతారు. 1995లో జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజనీర్ వాన్ హేలెన్ బృందం డ్రమ్మర్ కోసం ఇలా రెండు డ్రైవర్లు కలిపి ఇన్-ఇయర్ చేశాడు, అల్టిమేట్ ఇయర్స్ అలా మొదలైంది. అంటే అవసరం కొద్దీ డ్రైవర్లు పెరిగాయి తప్ప, పెరిగితే మంచిదని కాదు. అంతకు ముందే, 1991లో ఎటిమోటిక్ వాళ్లు ఒక్క ఆర్మేచర్‌తో ఈఆర్-4 తెచ్చారు. ఇప్పటికీ దాని పేరు చెప్పుకుంటున్నాం.

స్టేజీ మీద నేను చాలా చూశాను. డ్రైవర్లు ఆరున్నా క్రాస్ఓవర్ అతుకు సరిగ్గా కుదరకపోతే గాయకుడి గొంతు ఒక స్వరం దగ్గర ముందుకొచ్చి, ఇంకో స్వరం దగ్గర వెనక్కి పోతుంది. ఒక్క డైనమిక్ డ్రైవర్‌కు అతుకులే ఉండవు. దాని కష్టాలు దానికి ఉంటాయి, అది వేరే సంగతి.

మెటల్‌మూర్తి
మామా, నా దగ్గర ఉన్న ఆరు డ్రైవర్లదాన్ని అవమానిస్తున్నారు.

మిక్సింగ్‌మామ
నీదాన్ని కాదు మూర్తీ, నువ్వు బాగుందంటే బాగున్నట్టే. కానీ అది ఏ డబ్బా ఆంప్‌కు (యాంప్లిఫైయర్‌కు) తగిలిస్తున్నావో ఒకసారి చూసుకో. ఆర్మేచర్ల ఇంపిడెన్స్ (కరెంటుకు పెట్టే అడ్డు) ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ మారుతుంది, ఒక చోట 10 ఓమ్‌లు, ఇంకో చోట 40. ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువైతే స్వరం రంగే మారిపోతుంది. ఇయర్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోమంటారు. 16 ఓమ్‌లదానికి 2 ఓమ్‌లు.

మెటల్‌మూర్తి
…ఇంటికి వెళ్లి చూస్తా.

కొలతలరావు
కొత్తచెవి గారూ, ఆ మిగిలిన "స"కు కొత్తది కొనక్కర్లేదు. ఈక్వలైజర్ (ఈక్యూ, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో సర్దేది) ఉంది.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి పెట్టుకోండి. వాల్యూమ్ బాగా తగ్గించండి, ఇది మర్చిపోకండి. 5 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా 10 దాకా జరుపుతూ పోండి. ఒక చోట శబ్దం ఉన్నట్టుండి మీదకు దూకుతుంది. అదే మీ శిఖరం. నాది 7.4 దగ్గర ఉంది. పారామెట్రిక్ ఈక్యూలో సరిగ్గా అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించండి, క్యూ విలువ (కోత ఎంత ఇరుకుగా ఉండాలో చెప్పేది) 3 దగ్గర పెట్టండి. దాంతో పక్కనున్న తాళాల మెరుపు పెద్దగా పోకుండా "స" ఒక్కటే మెత్తబడుతుంది.

రాత్రి ప్రొఫైల్ వేరేగా పెట్టుకోండి. 100 హెర్ట్జ్ దగ్గర లో-షెల్ఫ్ (దాని కిందదంతా కలిపి మార్చే ఫిల్టర్), 4 డెసిబెల్స్ పైకి. అంతే మొత్తం ప్రీఆంప్‌లో (ఈక్యూలో మొత్తం శబ్దాన్ని సర్దే చోట) తగ్గించండి, లేకపోతే గట్టి చోట్ల పగిలిన శబ్దం వస్తుంది. పొద్దున ఒక బటన్, రాత్రి ఒక బటన్. ఇయర్‌ఫోన్ మాత్రం ఒకటే.

శ్రుతిపెట్టె
ఈక్యూ ముట్టుకునే ముందు ఫోమ్ టిప్స్ కూడా చూడొచ్చు. నొక్కి పెట్టుకుంటే లోపల ఉబ్బి చెవి ఆకారం తీసుకుంటాయి, పై శబ్దాలను కాస్త మింగేస్తాయి. పాత రికార్డింగులకు నాకు అవే హాయి. తొందరగా పాడవుతాయి, మురికి పడతాయి, అదొక్కటే బాధ.

రెండోచెవి
ఇంత సేపు చదివాను, వాల్యూమ్ గురించి కొలతలరావు గారి ఒక్క వాక్యం తప్ప ఎవరూ మాట్లాడలేదు. నా పేరు ఎందుకలా పెట్టుకున్నానంటే, నాకు ఎడమ చెవిలో రాత్రింబవళ్లు కీచుమని మోగుతుంది. నాలుగేళ్లయింది.

నేనూ ఇలాగే వదులు టిప్స్‌తో వినేవాణ్ని. బేస్ రాలేదని వాల్యూమ్ పెంచేవాణ్ని. బస్సు హోరులో ఇంకొంచెం పెంచేవాణ్ని. బేస్ రానే లేదు, పై శబ్దాలు మాత్రం చెవిని కోసేశాయి. డాక్టరమ్మ గ్రాఫ్ చూపించింది, 4 కిలోహెర్ట్జ్ దగ్గర గుంట. శబ్దం వల్ల దెబ్బతింటే ఎక్కువగా అక్కడే కనపడుతుందట.

లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. 90 అయితే వారానికి 4 గంటలే. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం అవుతుంది. కొలతలరావు గారు బేస్ 4 డెసిబెల్స్ పెంచి ప్రీఆంప్ తగ్గించమన్నారు కదా, చాలామంది ఆ తగ్గినదాన్ని మళ్లీ వాల్యూమ్ బటన్‌తో ఎక్కించేస్తారు. అది చేయకండి. సీల్ బాగా కుదిరాక వాల్యూమ్‌ను ఎప్పుడూ పెట్టే చోటికంటే మూడు మెట్లు దించి మొదలుపెట్టండి. రెండు నిమిషాల్లో చెవి సర్దుకుంటుంది.

మిక్సింగ్‌మామ
రెండోచెవి గారు చెప్పింది ముందే నేను చెప్పాల్సిన మాట. వృత్తిలో ఉండి మర్చిపోయాను. ఇంకో ముక్క కలుపుతాను. వాల్యూమ్ తగ్గిస్తే బేస్ తగ్గినట్టు అనిపిస్తుంది, అది మన చెవి తీరు, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు ఇది కొలిచారు. అందుకే మెల్లగా వినేవాళ్లు బేస్ కాస్త ఎక్కువున్న ట్యూనింగ్ ఎంచుకోవడంలో తప్పు లేదు. గట్టిగా వినేవాడి రివ్యూ మెల్లగా వినేవాడికి పనికిరాకపోవడం కూడా ఇందుకే. రెండు ఇయర్‌ఫోన్లు పోల్చేటప్పుడు కూడా వాల్యూమ్ సమానంగా ఉందో లేదో చూసుకోండి, ఇసుమంత గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది.

తీగలేనివాడు
వంద గంటలు మోగించి బర్న్-ఇన్ చేస్తే "స" దానంతటదే మెత్తబడుతుందని విన్నాను, నిజమేనా?

కొలతలరావు
మెత్తబడేది మీ మెదడు. ఈ విషయం మీద ఇక్కడ నలభై పేజీల చర్చ ఇంకొకటి ఉంది, దయచేసి అక్కడ కొట్టుకుందాం.

మెటల్‌మూర్తి
ఇంటికి వచ్చి చూశాను. మామా, ఆంప్ కాగితం మీద 10 ఓమ్‌లు అని రాసి ఉంది. ఫోన్‌కు వేసే చిన్న డాంగిల్‌కు తగిలించి విన్నాను. గిటార్లు వెనక్కి జరిగి, డ్రమ్స్ ముందుకొచ్చాయి. రెండేళ్లుగా తప్పు ట్యూనింగ్‌ను మెచ్చుకుంటూ రివ్యూలు రాశాను. ఎవరూ పాత పోస్టులు తవ్వకండి ప్లీజ్.

కొత్తచెవి
వారం తర్వాత వస్తున్నాను. నా శిఖరం 6.8 దగ్గర దొరికింది, 3 డెసిబెల్స్ తగ్గించాను. ఆ పాత రికార్డింగులో ఇప్పుడు గాయని ఊపిరి తీసుకోవడం వినపడుతోంది, "స" మామూలు "స"లా ఉంది. మృదంగం రెండు చేతులూ ఒకే మనిషివి. వాల్యూమ్ ముందు పెట్టేదానికంటే నాలుగు మెట్లు కింద ఉంది, రెండోచెవి గారూ.

కానీ నిన్నటి నుంచి కుడి వైపు శబ్దం తగ్గినట్టుంది. టిప్ మార్చి చూశాను, తేడా లేదు. ఎడమ, కుడి కేబుల్ అటూ ఇటూ మార్చినా కుడిదే తగ్గుతోంది. డ్రైవర్ పోయిందా?

శ్రుతిపెట్టె
టిప్ తీసి ఇయర్‌ఫోన్ ముక్కు (టిప్ తొడిగే గొట్టం) మీదున్న జాలీని వెలుతురులో చూడండి. పసుపు పచ్చగా ఏమైనా అంటుకుని ఉందా?

కొత్తచెవి
ఉంది. ఛీ.

శ్రుతిపెట్టె
గులిమి. అందరికీ అయ్యేదే, సిగ్గుపడకండి. జాలీని కిందికి తిప్పి పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. పైకి పెట్టి దులిపితే లోపలికే పోతుంది. నీళ్లు వద్దు, పిన్నీసు అసలే వద్దు.

కొత్తచెవి
వచ్చేసింది. రెండు వైపులా సమానం.